ఆటిజం గల పిల్లలకు నిర్ధారణ పరీక్షలు, పాఠశాల సాయం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తల్లిదండ్రులకు వివరాలు

శ్రీకాకుళం, విజయనగరం: ఆటిజం గల బాలబాలికలను బడిలో చేర్చుటకు వైకల్య ధ్రువపత్రం ముందుగా చూపవలెనన్న నిబంధన విద్యా హక్కు చట్టంలో ఎక్కడా లేదు. ధ్రువపత్రం పొందడం ఒక పని, పాఠశాలలో సాయం పొందడం మరొక పని. ఈ రెండూ ఏకకాలంలో ప్రారంభం కావలసినవి. ఈ సంగతి తెలియని కుటుంబాలు ముందు ఆసుపత్రి, తరువాత ధ్రువపత్రం, చివరకు బడి అనే వరుసలో నడిచి, పిల్లల ఎదుగుదలలో అత్యంత విలువైన రెండు మూడు సంవత్సరాలను పోగొట్టుకొంటున్నాయి. నిర్ధారణ ఏ విధంగా జరుగుతుంది, అందుకు ఏమి సిద్ధం చేసుకోవలె, బడి నుండి ఏమి కోరవచ్చును, నిరాకరణ ఎదురైనచో ఎవరిని ఆశ్రయించవలె అనే విషయాలు ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

ముందుగా జిల్లాల సంగతి. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణతో పార్వతీపురం, కురుపాం, సాలూరు ప్రాంతాలు విజయనగరం జిల్లా నుండి, పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు శ్రీకాకుళం జిల్లా నుండి విడివడి పార్వతీపురం మన్యం జిల్లాగా ఏర్పడినవి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరం జిల్లాలో చేరినవి. కావున ఈ మండలాల వారు ధ్రువపత్రానికైనా, విద్యాశాఖ కార్యాలయానికైనా నేటి తమ జిల్లా కేంద్రానికే వెళ్ళవలసి ఉంటుంది. పాత జిల్లా పేరుతో ఉన్న కాగితాలు ఆ ఒక్క కారణంగా చెల్లకుండా పోవు.

తొలి ఆనవాళ్ళు

ఆటిజం అంటువ్యాధి కాదు. తల్లి పెంపకంలోని లోపం వలన వచ్చేది అంతకన్నా కాదు. మెదడు ఎదిగే తీరులోని భిన్నత్వం వలన మాటలలో, ఇతరులతో కలయికలో, ఇంద్రియ స్పందనలలో కనిపించే స్థితి ఇది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల ప్రవర్తనను సవివరంగా నమోదు చేయడంతో ఇది వైద్యశాస్త్రంలో ప్రత్యేక స్థితిగా గుర్తింపు పొందినది. 2021 సంవత్సరానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రతి 127 మందిలో ఒకరు ఆటిజం గలవారు. అనగా ఒక మోస్తరు పెద్ద ఉన్నత పాఠశాలలో ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉండడం వింత కాదు. వారిని గుర్తించకపోవడమే వింత.

ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవుట, ఏడాదిన్నరకు కూడా కావలసిన వస్తువును వేలితో చూపకపోవుట, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి పలకలేకపోవుట, వచ్చిన మాటలు మధ్యలో పోవుట, ఒకే చక్రాన్ని గంటల తరబడి తిప్పుట, మిక్సీ మోతకో కుక్కరు కూతకో చెవులు మూసుకొని విలవిలలాడుట వంటివి ప్రధాన ఆనవాళ్ళు. వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన ఆటిజం అని నిర్ణయించరాదు. అయితే చూపించకుండా ఊరుకోరాదు.

"గుంటడికి మాటలు ఆలస్యం, వాళ్ళ నాయనా అంతే" అన్న పెద్దల మాటతో ఉత్తరాంధ్ర పల్లెలలో ఏడాదో రెండేళ్ళో గడచిపోవడం కద్దు. వస నాకించితే మాటలు వస్తాయన్నది నమ్మకమే తప్ప వైద్యం కాదు. తాయెత్తు కట్టించదలచినవారు కట్టించుకొనవచ్చును, కాని అదే వారంలో పిల్లవానికి వినికిడి పరీక్ష కూడా చేయించవలె. నిజానికి మాటలు రాని ప్రతి బిడ్డకూ మొట్టమొదట జరగవలసినది వినికిడి పరీక్షయే. చెవుడు ఉన్న బిడ్డను ఆటిజం అని, ఆటిజం ఉన్న బిడ్డను చెవుడు అని పొరబడే అవకాశం ఉన్నది. పసిపిల్లలకు నిద్రలో చేసే బెరా పరీక్షతో ఈ సందేహం తీరుతుంది.

ఇందుకు తొలి మెట్టు అంగన్‌వాడీ కేంద్రం. దివ్యాంగ బాలల కొరకు అంగన్‌వాడీ కార్యకర్తలు అనుసరించవలసిన విధానాన్ని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2023 నవంబరులో విడుదల చేసినది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో ప్రారంభమై, పుట్టిన నాటి నుండి 18 ఏళ్ళ వరకు పిల్లలకు అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను ఆరోగ్య పరీక్షలు నిర్వహిస్తున్నది. ఎదుగుదలలోని ఆలస్యం ఈ పరీక్షల పరిధిలోని అంశమే. అవసరమైన పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి, అనగా ఆసుపత్రులలో డైక్ అని పిలిచే విభాగానికి పంపడం ఈ కార్యక్రమంలో భాగం. ఆశా కార్యకర్తను గాని, ఎ.ఎన్.ఎమ్.ను గాని అడిగి పంపుట లేఖ తీసుకొన్నచో ఆసుపత్రిలో మరల మొదటి నుండి చెప్పుకొనే శ్రమ తగ్గుతుంది.

నిర్ధారణ జరిగే తీరు

రక్తపరీక్షతో గాని, స్కానింగుతో గాని ఆటిజం తేలదు. బిడ్డను గమనించుట, తల్లిదండ్రులను విచారించుట, ఈ రెండే ఆధారం. కావున తల్లి చెప్పే మాటకు ఇక్కడ ప్రయోగశాల నివేదికకు ఉన్నంత విలువ ఉన్నది.

శ్రీకాకుళంలో 2008లో వైద్య కళాశాల ఏర్పడిన నాటి నుండి జనం రిమ్స్ అని పిలుచుకొనే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విజయనగరంలో 2023లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రి ఇందుకు దగ్గరి చోట్లు. అక్కడ పిల్లల వైద్య విభాగం, మానసిక వైద్య విభాగం, చెవి ముక్కు గొంతు విభాగం మూడింటినీ దర్శించవలసి ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు ఏ దినాలలో అందుబాటులో ఉండునో ముందుగా విచారించుకొని బయలుదేరుట మేలు. ఇచ్ఛాపురం నుండి శ్రీకాకుళానికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఆ రోజు సంబంధిత నిపుణులు లేరని తెలిసి వెనుదిరగడం బిడ్డకు, తల్లికి కూడా పెద్ద శిక్ష. మరింత లోతైన పరీక్ష అవసరమైనచో విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి, చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నవి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ, నేడు నీపిడ్ అని పిలిచేది, మేధోపరమైన వైకల్యాలకు దేశంలోనే ప్రధాన కేంద్రం.

దేశమంతటా ఆటిజం తీవ్రతను కొలుచుటకు వాడుతున్న భారతీయ ఆటిజం మదింపు ప్రమాణం, అనగా ఐ.ఎస్.ఎ.ఎ., రూపొందినది ఈ సికింద్రాబాదు సంస్థలోనే. ఇందులో 40 అంశాలు ఉంటాయి. ఇతరులతో సంబంధం, భావోద్వేగ స్పందన, మాట, ప్రవర్తన, ఇంద్రియ స్పందన, గ్రహణశక్తి అనే ఆరు విభాగాలలో ప్రతి అంశానికి 1 నుండి 5 వరకు గుణాంకం వేస్తారు. మొత్తం 70కి లోపు అయినచో ఈ ప్రమాణం ప్రకారం ఆటిజం లేనట్లు, 70 నుండి 106 వరకు స్వల్పం, 107 నుండి 153 వరకు మధ్యస్థం, 153 దాటినచో తీవ్రం అని పరిగణిస్తారు. గుణాంకం 5 అనగా ఆ లక్షణం దాదాపు ఎల్లప్పుడూ ఉన్నదని అర్థం. తల్లి మొహమాటపడి "అప్పుడప్పుడు అండి" అని తగ్గించి చెప్పినచో ఆ మేరకు గుణాంకం పడిపోతుంది. బిడ్డను గూర్చి మంచి మాటలే చెప్పవలెనన్న ఆపేక్ష సహజం. పరీక్ష గదిలో మాత్రం ఉన్నది ఉన్నట్లు చెప్పవలె.

అందుకు ఇంటి వద్దనే సిద్ధపడుట మంచిది. "మాట వినడు, అల్లరి ఎక్కువ" అని చెప్పుట వలన నిపుణులకు ఏమీ తెలియదు. "పదిసార్లు పిలిస్తే రెండుసార్లు తిరిగి చూస్తాడు", "దాహమైతే నా చేయి పట్టి కుండ దగ్గరకు లాగుతాడు గాని నీళ్ళు అనడు", "అన్నంలో పప్పు కలిపితే తినడు, విడిగా ఉంటేనే తింటాడు" అని చెప్పినచో వారికి చిత్రం కళ్ళకు కడుతుంది. వారం రోజుల పాటు ఒక నోటుపుస్తకంలో ఇటువంటివి తేదీలతో వ్రాసుకొనవలె. బిడ్డ ఇంట్లో ఆడుకొనేటప్పుడు, భోజనం చేసేటప్పుడు, కలవరపడినప్పుడు ఫోనులో రెండు మూడు నిమిషాల దృశ్యాలు తీసి ఉంచవలె. ఆసుపత్రి వరుసలో రెండు గంటలు నిలిచిన బిడ్డ గదిలోకి వెళ్ళేసరికి తనవలె ఉండడు. ఏడ్చి అలసిన బిడ్డను చూచి వేసే అంచనాకు ఆ దృశ్యాలు చక్కని దిద్దుబాటు. గర్భిణి కార్డు, టీకాల కార్డు, పూర్వపు మందుల చీటీలు కూడా వెంట ఉండవలె.

రెండు స్థానిక పరిస్థితులను ఇచ్చట ప్రత్యేకంగా ప్రస్తావించవలసి ఉన్నది. మొదటిది వలస. తీర గ్రామాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు వేటకు, లోపలి మండలాల కూలీలు చెన్నై, హైదరాబాదు నగరాలకు పనులకు వెళ్ళగా బిడ్డ తాత, అమ్మమ్మల దగ్గర పెరగడం ఈ జిల్లాలలో సర్వసాధారణం. తొలి రెండేళ్ళ సంగతులు తల్లికే బాగా తెలియును కనుక, ఆమె రాలేని పక్షంలో నిపుణులు ఫోనులో మాట్లాడేందుకు వీలుగా సమయం కుదుర్చుకొనవలె. రెండవది భాష. ఇచ్ఛాపురం, కంచిలి, కవిటి ప్రాంతాలలో ఒడియా, సీతంపేట ఏజెన్సీలో సవర భాష ఇంటి భాషగా గల కుటుంబాలు ఉన్నవి. ఇంట్లో సవర మాత్రమే విన్న నాలుగేళ్ళ బిడ్డను తెలుగు ప్రశ్నలతో పరీక్షించినచో మాటల విభాగంలో వచ్చే ఫలితం ఆటిజాన్ని కాదు, భాష తెలియకపోవడాన్ని సూచిస్తుంది. ఇంటి భాష ఏదో పరీక్షకు ముందే చెప్పి, దానిని నివేదికలో వ్రాయించుకొనుట తల్లిదండ్రుల హక్కు. ఇద్దరు భాషలు తెలిసిన బంధువును వెంట తీసుకొని వెళ్ళుట ఉపయోగకరం.

ఆటిజంను పూర్తిగా నయం చేస్తామని చెప్పి పెద్ద మొత్తాలు వసూలు చేసే ప్రకటనల విషయంలో జాగ్రత్త అవసరం. మూలకణ చికిత్సను ఆటిజానికి సిఫారసు చేయరాదని జాతీయ వైద్య కమిషన్ నియమించిన నిపుణుల సంఘం 2022లో అభిప్రాయపడినది. పొలం తాకట్టు పెట్టి అటువంటి చికిత్సలకు వెళ్ళుటకన్నా, ఆ సమయాన్ని మాటల శిక్షణకు, బడికి వెచ్చించుట మేలు.

సదరం ధ్రువపత్రం

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉండగా వాటిలో ఆటిజం లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం ఆటిజంను పేర్కొన్నప్పటికీ, ధ్రువపత్రాల విషయంలో చాలామంది పిల్లలు బుద్ధిమాంద్యం అనే శీర్షిక కిందనే నమోదు కావలసి వచ్చినది. 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 2016 వైకల్యాల సంఖ్యను 21కి పెంచి, ఆటిజంను విడిగా చేర్చినది. పాత ధ్రువపత్రం గల కుటుంబాలు అందులో ఏ వైకల్యం వ్రాసి ఉన్నదో ఒకసారి చూచుకొనుట అవసరం. శీర్షిక తప్పయినచో పదవ తరగతి పరీక్షల వేళ చిక్కులు రావచ్చును.

గ్రామ, వార్డు సచివాలయంలో గాని, మీసేవ కేంద్రంలో గాని సదరం శిబిరానికి సమయం నమోదు చేసుకొనవలసి ఉంటుంది. బిడ్డ ఆధార్, నివాస వివరాలు, ఛాయాచిత్రం అవసరం. శిబిరంలో పిల్లల వైద్యులు, మానసిక వైద్యులు, సైకాలజిస్టులతో కూడిన వైద్య మండలి పరీక్షించి శాతం నిర్ణయిస్తుంది. ముందు జరిపిన పరీక్షల నివేదికలను, నోటుపుస్తకాన్ని, ఫోను దృశ్యాలను అక్కడ కూడా చూపవలె. 40 శాతం, ఆపై వైకల్యం గలవారిని చట్టం ప్రామాణిక వైకల్యం గలవారుగా గుర్తిస్తుంది. ఐ.ఎస్.ఎ.ఎ.లో గుణాంకం 70కి చేరినచో 40 శాతంగా లెక్కించడం జరుగుతుంది. స్థితి మారే అవకాశం ఉన్నచో కొంతకాలానికే చెల్లే ధ్రువపత్రం ఇస్తారు. ఆ గడువు తేదీని గోడ క్యాలెండరుపై గుర్తుపెట్టుకొనవలె. గడువు దాటిన తరువాత మేల్కొన్నచో మరల సమయం దొరికే వరకు సదుపాయాలు ఆగుతాయి. దరఖాస్తును తిరస్కరించినచో కారణాలను లిఖితపూర్వకంగా తెలియజేయవలసిన బాధ్యత వైద్యాధికారులది. ఆ నిర్ణయంపై అప్పీలు చేసుకొనే వీలును చట్టంలోని 59వ సెక్షను కల్పించినది. విశిష్ట వైకల్య గుర్తింపు కార్డు, అనగా యు.డి.ఐ.డి., దేశమంతటా చెల్లుతుంది కనుక వలస వెళ్ళే కుటుంబాలకు అది ప్రత్యేకంగా అవసరం.

2024 నుండి నెలకు 6,000 రూపాయలైన దివ్యాంగుల పింఛను కారణంగా ఈ ధ్రువపత్రాన్ని పింఛను కాగితంగా మాత్రమే చూచే అలవాటు ఏర్పడినది. శాతం ఎంత అన్నది పింఛనుకు ముఖ్యం. బిడ్డకు బడిలో ఏమి కావలెనో మాత్రం శాతం చెప్పదు. 50 శాతం గల ఇద్దరు పిల్లలలో ఒకరికి మాటల శిక్షణ, మరొకరికి నిశ్శబ్దంగా కూర్చొనే మూల అవసరం కావచ్చును. ఆ అవసరాలను తేల్చే పరీక్ష వేరు. అది జరగవలసినది బడిలో.

బడి చేయవలసినది

2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ళ ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. ప్రవేశానికి బిడ్డను గాని, తల్లిదండ్రులను గాని పరీక్షించి వడపోయుటను 13వ సెక్షను నిషేధించినది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షను, విద్యా సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకొనవలెనని 15వ సెక్షను చెప్పుచున్నవి. కొట్టుట, మానసికంగా వేధించుట 17వ సెక్షను ప్రకారం నిషిద్ధం. ప్రామాణిక వైకల్యం గల బిడ్డకు 18 ఏళ్ళ వరకు, సమీప పాఠశాలలో గాని, కోరుకొన్న ప్రత్యేక పాఠశాలలో గాని, ఉచిత విద్యను 2016 చట్టంలోని 31వ సెక్షను హామీ ఇచ్చినది. ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలలు కూడా వివక్ష లేకుండా చేర్చుకొనవలెనని 16వ సెక్షను నిర్దేశించినది. ప్రైవేటు పాఠశాలల ఒకటో తరగతిలో ఉచిత ప్రవేశాలకు కేటాయించిన 25 శాతంలో అనాథలు, హెచ్.ఐ.వి. బాధిత పిల్లలు, దివ్యాంగులకు కలిపి 5 శాతం సీట్లు ఉన్నవి. వీటికి మాత్రం ధ్రువపత్రం అవసరం.

బిడ్డను చేర్చిన వెంటనే ప్రధానోపాధ్యాయునికి ఒక దరఖాస్తు ఇచ్చి, నకలుపై తేదీతో సంతకం తీసుకొనవలె. మౌఖికంగా చెప్పినది బదిలీతో పాటు పోతుంది. ఈ దరఖాస్తులో బిడ్డ ఏమి చేయగలడు, దేనికి కలవరపడతాడు, కలవరపడినప్పుడు ఇంట్లో ఏమి చేస్తారు అనే మూడు సంగతులు వ్రాసి, భవిత కేంద్రంలోని సహిత విద్య ఉపాధ్యాయునిచే మదింపు చేయించి వ్యక్తిగత విద్యా ప్రణాళిక తయారు చేయవలసిందిగా కోరవలె. ఉపాధ్యాయులు వైకల్య లక్షణాలను గుర్తించేందుకు ప్రశస్త్ అనే ఫోను అనువర్తనాన్ని కేంద్ర విద్యాశాఖ 2022లో ప్రవేశపెట్టినది. అందులో వచ్చేది ప్రాథమిక సూచన మాత్రమే, నిర్ధారణ కాదు.

భవిత కేంద్రాలు సమగ్ర శిక్ష ఆధ్వర్యంలో మండల స్థాయిలో నడుస్తున్నవి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు బిడ్డ తినుట, దుస్తులు ధరించుట, మరుగుదొడ్డి వాడుట, మాట, చదువు, లెక్క వంటి పనులలో ఏ మెట్టుపై ఉన్నదీ పరిశీలన పట్టిక ద్వారా చూస్తారు. దీని నుండే ప్రణాళిక పుట్టవలె. "చదువులో మెరుగుపడును" అని వ్రాసిన ప్రణాళికకు అర్థం లేదు. "దసరా సెలవుల లోపు మంచినీళ్ళు కావలెనని బొమ్మ కార్డు చూపి అడుగును" అన్నది ప్రణాళిక, ఎందుకనగా సెలవుల నాటికి అది జరిగినదీ లేనిదీ ఎవరైనా చెప్పగలరు. తల్లిదండ్రులు ఆ కాగితం చదివి, సంతకం చేసి, నకలు తీసుకొనవలె. మూడు నెలలకు ఒకసారి దానిని మరల చూడవలసిందిగా అడగవలె.

బడి కల్పించగల సర్దుబాట్లలో అధిక భాగం డబ్బుతో పని లేనివి. గంట కొట్టే ముందు బిడ్డకు చెప్పుట, ప్రతి దినం ఒకే చోట కూర్చుండబెట్టుట, రోజులోని పనులను వరుసగా బొమ్మలలో గీసి బల్లపై అంటించుట, ఒక సూచన తరువాత మరొకటి ఇచ్చుట, ప్రార్థన సమయంలో మైకుకు దూరంగా నిలబెట్టుట ఇట్టివి. మధ్యాహ్న భోజన వేళ పళ్ళాల మోత, వరుసలోని తోపులాట కొందరు పిల్లలకు భరింపరానివి. వారిని ఐదు నిమిషాలు ముందుగా పంపినచో సమస్య సగం తీరుతుంది. పప్పుకూర ముట్టని బిడ్డను బలవంతపెట్టరాదు. యూనిఫారం మెడపట్టీ గీరుకొని రోజంతా ఏడ్చే పిల్లలు ఉంటారు, లోపల మెత్తని బనియను వేసుకొనుటకు అనుమతి సరిపోతుంది. ఇవన్నీ చిన్న విషయాలుగా తోచవచ్చును. బిడ్డ బడిలో నిలుచుట, మానుట సాధారణంగా ఇటువంటి వాటి వద్దనే తేలుతుంది.

సమగ్ర శిక్ష కింద ప్రత్యేక అవసరాలు గల పిల్లల కొరకు ఒక్కొక్కరికి సంవత్సరానికి 3,500 రూపాయల వరకు ఉపకరణాలు, శిక్షణ తదితరాలకు వెచ్చించే ఏర్పాటు, బాలికలకు నెలకు 200 రూపాయల భృతి ఉన్నవి. రవాణా, తోడు భత్యాలను గూర్చి మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో విచారించవచ్చును.

ప్రత్యేక ఉపాధ్యాయుల కొరత వాస్తవం. ప్రాథమిక స్థాయిలో 10 మంది, ఆపై తరగతులలో 15 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండవలెనన్న ప్రమాణాన్ని అనుసరించి పోస్టులు ప్రకటించవలసిందిగా సుప్రీంకోర్టు 2025 మార్చి 7న రాష్ట్రాలను ఆదేశించినది. తదుపరి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే సంవత్సరంలో 2,260 ప్రత్యేక విద్య ఉపాధ్యాయ పోస్టులను మంజూరు చేసినది. పోస్టు మంజూరగుటకు, మన ఊరి బడికి ఉపాధ్యాయుడు వచ్చుటకు మధ్య కొంత కాలం పడుతుంది. అంతవరకు తరగతి ఉపాధ్యాయుడే బిడ్డకు ఆధారం కనుక ఆయనతో సఖ్యంగా ఉండి, ఇంట్లో ఫలించిన ఉపాయాలను ఎప్పటికప్పుడు చెప్పుట తల్లిదండ్రులకు లాభదాయకం.

ఇంటి వద్ద విద్య ఎవరి ఎంపిక

తీవ్ర వైకల్యం, బహుళ వైకల్యాలు గల పిల్లలకు ఇంటి వద్దనే విద్య పొందే హక్కును విద్యా హక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ కల్పించినది. ఇది బిడ్డ తరఫున కుటుంబం ఎంచుకొనే హక్కు. "మీ వాడిని ఇంట్లోనే ఉంచండి, మేమే వచ్చి చెప్తాం" అని బడి నిర్ణయించుటకు ఇది ఆధారం కాదు. హాజరు పట్టీలో పేరు ఉండి, బిడ్డ ఇంట్లో ఉండి, ఉపాధ్యాయుడు ఎప్పుడో ఒకసారి వచ్చిపోవు స్థితిని విద్య అనలేము. ఇంటి వద్ద విద్యకు అంగీకరించినవారు కూడా వారానికి ఎన్ని దినాలు, ఎంతసేపు, ఏమి నేర్పుతారు అనే విషయాన్ని ప్రణాళికలో వ్రాయించుకొనవలె. పూర్తి దినం కష్టమైనచో గంటతో మొదలుపెట్టి క్రమంగా పెంచుట మధ్యేమార్గం.

వలస వెళ్ళే కుటుంబాలు బదిలీ పత్రం కోరినచో ప్రధానోపాధ్యాయుడు వెంటనే ఇవ్వవలెనని, అది ఆలస్యమైనదన్న కారణంతో కొత్త బడి ప్రవేశం ఆపరాదని 5వ సెక్షను చెప్పుచున్నది. బదిలీ పత్రంతో పాటు ప్రణాళిక నకలు, మదింపు నివేదిక కూడా తీసుకొని వెళ్ళినచో కొత్త చోట ఏడాది వృథా కాదు.

పరీక్షలు, ఆ తరువాత

పదవ తరగతి పరీక్షలకు లేఖకుని సాయం, అదనపు సమయం వంటి సదుపాయాలకు ప్రధానోపాధ్యాయుని ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి ముందుగానే దరఖాస్తు పంపవలసి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీ చేసిన మార్గదర్శకాలు గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయాన్ని సూచించినవి. ఈ సదుపాయాలను తొమ్మిదవ తరగతి పరీక్షలలోనే అలవాటు చేయవలె. అలవాటు లేని లేఖకుడు ఒక్కోసారి సాయం కన్నా ఆటంకమే అవుతాడు. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా తక్కువ సబ్జెక్టులతో, విడతలుగా వ్రాసే మార్గం కూడా ఉన్నది.

జాతీయ ట్రస్టు వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా లభిస్తుంది. 18 ఏళ్ళు నిండిన తరువాత చట్టబద్ధ సంరక్షకుల నియామకం అవసరమైనచో జిల్లా కలెక్టరు సభ్యులుగా గల స్థానిక స్థాయి సంఘానికి దరఖాస్తు చేసుకొనవలె.

ఎవరిని సంప్రదించవలె

బడిలో ప్రవేశం నిరాకరించినా, ప్రణాళిక తయారు చేయకపోయినా మొదట మండల విద్యాశాఖాధికారికి, అక్కడ పరిష్కారం కానిచో జిల్లా విద్యాశాఖాధికారికి, సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయంలోని సహిత విద్య సమన్వయకర్తకు లిఖితపూర్వకంగా తెలియజేయవలె. ధ్రువపత్రం, ఉపకరణాలు, పింఛను సంబంధిత విషయాలకు జిల్లా కేంద్రంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయాన్ని సంప్రదించవచ్చును. ప్రతి సోమవారం కలెక్టరు కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ దాఖలు చేసినచో నమోదు సంఖ్యతో రసీదు ఇస్తారు. వివక్షకు సంబంధించిన ఫిర్యాదులను రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు, బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు కూడా పంపుకొనవచ్చును. అర్జీతో పాటు ప్రధానోపాధ్యాయునికి ఇచ్చిన దరఖాస్తు నకలు, ఆసుపత్రి నివేదికల నకళ్ళు జతపరచి, అసలు కాగితాలను మాత్రం ఇంటి వద్దనే ఉంచుకొనవలెను.